గ్యాసు బాయికి నెమరు పెట్టినామె

మొన్నీమధ్య పెన్షను కాగితాల మీద సంతకం కోసం ఒకతను కరీంనగర్‌లోని మా ఇంటికి వచ్చాడు. మెట్‌పల్లి దగ్గర నేను గ్రామసేవకుడిగా మొట్టమొదట పనిచేసిన ఊరివాడు. పని అయిపోయింది, టీ తాగాడు, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ, "అన్నట్టు సారూ, మన పిడుకలవ్వ పోయింది. రెండేండ్లయితుంది" అన్నాడు. ఎట్లా పోయిందని అడిగేలోపే బస్సు వేళయిందంటూ వీధి మలుపు తిరిగాడు.

ఆమె పేరు రాయను. రాసినా ఉపయోగం లేదు, ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్లను నేను చూడలేదు. సాలోళ్ల ఇంటి కోడలు. పోలీసు యాక్షన్ అయిన ఏడాది మగడు పోయాడు. మగ్గం అమ్ముకుంది, మగ్గం గుంత మిగిలింది. ఆ గుంతలో పిడుకలు పేర్చుకునేది. వాన ఎంత కొట్టినా ఆమె పిడుక చెమ్మపట్టేది కాదని ఊరంతా ఒప్పుకునేది. ఆమె గురించి ఊరంతా ఒప్పుకున్న మంచిమాట బహుశా అదొక్కటే.

కుడిచేతి చిటికెన వేలు లోపలికి వంగి ఉండేది. గోడకు పిడుక కొడితే నాలుగు వేళ్లు నిండుగా, ఐదోది సగం పడేది. ఎవరైనా దొంగతనంగా రెండు పిడుకలు ఎత్తుకుపోతే, వాళ్ల పొయ్యి దగ్గరికే వెళ్లి ఆ ముద్ర చూపించి తిట్టి వచ్చేది. తిట్టడంలో మాత్రం చాలా పొదుపు. ఒకటే మాట, అదీ గట్టిగా కాదు.

ఆ రోజుల్లో పంచాయతీ సమితికి ఒక స్కీము వచ్చింది, పశువుల పెండతో గ్యాసు పుట్టించి పొయ్యి వెలిగించడం. ఊరికి కరెంటు ఇంకా రాలేదు. గ్యాసుతో దీపం కూడా వెలుగుతుందని చెప్పేసరికి ఊరి పటేలు ఒప్పుకున్నాడు. పొయ్యి కోసం ఒప్పుకోలేదు, దీపం కోసం ఒప్పుకున్నాడు. వంట ఆయన చేసేది కాదు కదా. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. హుస్నాబాద్ దగ్గరి పల్లెనుంచి వచ్చినవాణ్ణి. శిక్షణలో గ్యాసు ప్లాంటు బొమ్మ అందంగా గీసి మెప్పు పొందాను కాని, నిజం ప్లాంటును అప్పటిదాకా చూసింది లేదు.

పటేలు గొడ్ల కొట్టం వెనక, ఆమె పిడుకలు కొట్టే గోడ పక్కనే గుంత తవ్వించాను. మూడోరోజు ఆమె గట్టుమీదికి వచ్చి తొంగి చూసింది.

"గీ బాయిల నీళ్లెప్పుడు వడ్తయి సారూ?"

"నీళ్లు గాదవ్వా, నిప్పు."

"బాయిలకెళ్లి నిప్పొస్తదా! మీ సదువేం సదువు కొడుకా" అని నవ్వింది.

ఆ నిప్పుకు కావలసింది కొట్టంలోని పెండ అని తెలిశాక నవ్వు పోయింది. అక్కడి ఆనవాయితీ ఏమిటంటే, కొట్టం ఊడ్చిన మనిషిదే పెండ. ఊడ్చినందుకు జీతం లేదు, గింజలు లేవు, పెండే జీతం. పటేలు తాత కాలంనుంచి అంతే. "పెండ పటేలుది గాదు సారూ, ఊడ్చినోళ్లది" అంది. పటేలు వాకిట్లోంచి కసిరాడు. అప్పుడామె గట్టుమీద నిలబడి, పనివాళ్లూ పటేలు తల్లీ వింటుండగా, "నా పెండ మింగి గిది బాగుపడ్తదా?" అంది. అందరూ నవ్వారు.

మధ్యలో నేను దూరి ఒక ఒప్పందం చేశాను. రోజూ పెండ కలిపి గుంతలో పోసే పని ఆమెకే. పటేలు గింజలు ఇవ్వాలి. ఆదివారం పెండ మాత్రం ఆమె పిడుకలకు. "వారానికొక్కనాడు దానిక్కూడ ఉపాసం మంచిదే" అని ఆమె సర్దుకుంది. ఈ ఒప్పందం చూసి నాకు నామీద చాలా గౌరవం కలిగింది.

పెండను ఆమె చూసినట్టు ఇంకెవరూ చూడగా నేను చూడలేదు. చేతిలోకి తీసుకుని బొటనవేలితో నలిపి, ఇది నిన్న చొప్ప తిన్న ఎద్దుది, ఇది పచ్చిక మేసిన బర్రెది, దీనికి కడుపు బాగలేదు, ఇది మనకొద్దు అని పక్కన పెట్టేది. పుస్తకంలో పెండ ఎంతో నీళ్లూ అంతే కలపాలని ఉంది. నేను డబ్బాతో కొలుస్తుంటే ఆమె చెయ్యి ముంచి, వేళ్లమధ్యనుంచి జారనిచ్చి, "గట్కయింది సారూ. అంబలి గావాలె" అని ఇంకో చెంబు పోసేది. ఎండలు ముదిరాక రెండు చెంబులు. పుస్తకంలో ఎండల మాట లేదు.

గుంత నిండింది. పైన బోర్లించిన ఇనుప డ్రమ్ము మెల్లగా లేచింది. లోపల గ్యాసు పుడితే లేస్తుంది, వాడుకుంటే దిగుతుంది, అంతే దాని వ్యవహారం. ఊరినంతా పిలిచి అగ్గిపుల్ల గీశాను. ఆరిపోయింది. అట్లా ఏడెనిమిది పుల్లలు గీశాను. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. ఆమె మాత్రం ఉండి, "పుట్టిన లేగ మొదటిపారి పెట్టే పెండ నల్లగుంటది. అది పనికిరాదు, పారేస్తరు. గీ గాలి గుడ గట్లనే ఇడిచిపెట్టు సారూ" అంది. డ్రమ్ము మొత్తం ఖాళీ చేసి మళ్లీ నిండనిచ్చాక పొయ్యి నీలంగా వెలిగింది. మొదటి గ్యాసు వదిలెయ్యాలని పుస్తకంలో కూడా ఉంది, నేను చదవని పేజీలో.

ఆ తర్వాత నాలుగైదు నెలలు బాగా నడిచింది. పటేలు వాకిట్లో దీపం వెలిగేది. వంటింట్లో పొగ లేక పటేలు కోడలు కళ్లు తేటపడ్డాయి. ఆ కోడలొక్కతే ఆమెను "అత్తమ్మా" అని పిలిచి, కొట్టం దాకా గ్లాసుతో చాయ తెచ్చి ఇచ్చేది. ఆమె ఉదయం రాగానే డ్రమ్మును వేలి కణుపులతో రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి, "ఏమే, లేసినవా?" అని అడిగేది. దాన్ని యంత్రమని ఎన్నడూ అనలేదు. గొడ్డు అనేది. కొట్టంలో పదకొండు గొడ్లుంటే ఆమె లెక్కలో పన్నెండు. దాని కడుపు గురించి నాకు రోజూ కబురు చెప్పేది, నేను వినీ విననట్టు డైరీ రాసుకునేవాణ్ణి.

ఒకరోజు పై అధికారులు ప్లాంటు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. వాళ్లు మెచ్చుకుంటే ఖాయమవుతుంది. పశువుల దవాఖాననుంచి ఒక డబ్బా పినాయిలు సంతకం పెట్టి తెచ్చాను. కొట్టమంతా దానితో కడిగించాలని నా ఆలోచన. కొట్టం కాలువ నేరుగా గ్యాసు గుంతలోకే దిగుతుంది, గొడ్ల మూత్రం వృథా కాకుండా నేనే అట్లా కట్టించాను.

ఆమె కాలువకు అడ్డంగా మట్టిముద్ద పెట్టబోయింది. "జర ఆగు సారూ. గీ మందు వాసనకు ఈగలే సస్తున్నయి. దాని కడుపుల వడితే బత్కుతదా?"

"అది సాఫు జేసే మందవ్వా. ఏం గాదు. మట్టి తియ్యి, ఆఫీసర్లొచ్చే యాళ్లకు గలీజు గావద్దు."

ఆమె తీయలేదు. నేనే కాలితో తీశాను.

అధికారులు వచ్చారు, వాసన పీల్చి చాలా శుభ్రంగా ఉందని మెచ్చుకున్నారు. నాలుగోరోజుకు డ్రమ్ము కూలబడింది. పొయ్యి వెలగలేదు, దీపం వెలగలేదు. పటేలు కోడలు మళ్లీ కట్టెల పొయ్యి ముందు కూర్చుంది. అదే వారంలో పటేలు బర్రె ఒకటి పాలు ఎగబట్టింది. అప్పుడు పటేలు తల్లికి పాత మాట గుర్తుకొచ్చింది. నా పెండ మింగి బాగుపడుతుందా అని గట్టుమీద నిలబడి అన్నది ఎవరు? బాణామతి అన్న మాట ముందు ఎవరి నోట వచ్చిందో నాకు తెలియదు. రెండురోజుల్లో అందరి నోటా అదే. ఆ మాట పడ్డ ఆడమనిషికి కొన్ని ఊళ్లలో ఏం చేశారో నాకు తెలుసు, ఆమెకు నాకంటే బాగా తెలుసు.

ఆమెకు ఊళ్లో నా అన్నవాళ్లెవరూ లేరు. ఒక్కతే కూతురు, పక్క ఊరికి ఇచ్చింది. ఆ పిల్లకు నెలలు నిండుతున్నాయి. పుట్టే బిడ్డకు తన చేతులతో నీళ్లు పోయాలని ఆమె ఆశ. ఆ సంగతి గుంత దగ్గర నాకు ఎన్నోసార్లు చెప్పింది. బాణామతి మాట ఆ ఊరికి చేరితే కూతురి గడప కూడా తొక్కనివ్వరు. అప్పటికే చేరిందన్నారు.

పటేలు వాకిట్లో నలుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. ఆమెను నిలబెట్టి అడిగారు. ఆమె తడబడలేదు. "నేనేం జెయ్యలే పటేలా. సారు తెచ్చిన పినాయిలు దాని కడుపుల వడ్డది. అందుకే సచ్చింది" అంది.

పటేలు నావైపు తిరిగాడు. "నిజమేనా సేవక్ సాబ్? మీరు సదువుకున్నోళ్లు, మీరు చెప్పుండ్రి."

అందరూ నన్నే చూస్తున్నారు. ఆమె కూడా చూస్తోంది, నేను ఔనంటానన్న ధీమాతో. నేను అన్నాను: "పినాయిలు దవాఖానల గుడ వాడ్తరు. దానితోని ఏం గాదు. కారణమేందో పరిశీలించాలె. పైకి రాస్త."

అది అబద్ధమని ఆ క్షణాన నాకు ఖాయంగా తెలియదు. అనుమానం ఉంది. గదికి వెళ్లి పుస్తకం తీస్తే చివరి పేజీల్లో ఉంది, సబ్బునీళ్లు, క్రిములను చంపే మందులు గుంతలో పడకూడదని. అప్పుడైనా లేచి వాకిట్లోకి వెళ్లొచ్చు. పెద్దమనుషులు ఇంకా అక్కడే బీడీలు తాగుతున్నారు, మాటలు నాకు వినబడుతున్నాయి. పుస్తకం మూసి కూర్చున్నాను. భయమేసింది. సర్కారు డబ్బుతో కట్టిన ప్లాంటును చేతులారా చంపానని రాస్తే ఉద్యోగం ఊడుతుంది, ఇంటిదగ్గర ముగ్గురు చెల్లెళ్లు. ఇవన్నీ నిజమైన కారణాలే. అయినా సిగ్గుగానే ఉంది.

మర్నాడు ఆమే నా గదికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. గడప బయటే కూర్చుని, "నెమరు ఆగిన గొడ్డుకు ఏం జేస్తరో ఎరుకేనా సారూ?" అని అడిగింది.

"పసరు పోస్తరు."

"పసరుతోని గాకుంటె? మంచిగున్న గొడ్డు నెమరేస్తుంటె దాని నోట్లకెళ్లి జరంత తీసి దీని నోట్ల పెడ్తరు. దాని కడుపు సూసి దీని కడుపు నేర్సుకుంటది. గిసొంటి బాయి ఇంకెక్కడన్న ఉన్నదా?"

ఉంది. మెట్‌పల్లి అవతల ఒక మిషన్ హాస్టల్లో హరిజనవాడల పిల్లల వంటకోసం కట్టుకున్నారు. సమితి హుకుం అని పటేలుకు చెప్పి గుంతను సగం తోడించాను. బండి కట్టించుకుని ఇద్దరం హాస్టలుకు వెళ్లాం. అక్కడ వంట చూసే పెద్దాయన నాలుగు కడవలు ముంచి ఇస్తూ ఆమెను అడిగాడు: "మా బాయిల నీళ్లు మీ పటేలు ఇంటికి రానిస్తరా అమ్మా?"

"పటేలును అడిగితె గదా" అంది ఆమె.

చాలా రోజుల తర్వాత ఆ రోజు నవ్వాను. తిరుగుదారిలో ఆమె ఒక కడవను ఒళ్లో పెట్టుకుని, గోనెగుడ్డ కప్పి, బండి గతుకుల్లో పడ్డప్పుడల్లా రెండు చేతులతో కావలించుకుంది. చల్లబడితే చస్తుందట. "ఇది లేసిందంటె ఇగ ఎవ్వలేమంటరు? నా బిడ్డ నొప్పులు వడేవరకు అన్ని సర్దుకుంటయి" అంది. నేను తలూపాను. నా తప్పు మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పది పన్నెండు రోజులు తాజా పెండ అంబలిలా కలిపి పోసింది. పొద్దునా సాయంత్రం డ్రమ్ముకు చెవి ఆనించింది. ఒక ఉదయం నన్ను పిలిచి నా చెవిని కూడా ఆనించమంది. లోపల బుడబుడమని సన్నటి చప్పుడు. "నెమరేస్తుంది" అంది. ఆమె ముఖం అంత వెలగడం నేను అంతకుముందు చూడలేదు. రెండు రోజులకు పొయ్యి వెలిగింది.

ఊరు ఏమనాలి? అమ్మయ్య అనాలి. కాని ఊరు వేరే లెక్క కట్టింది. అధికారులకు చేతకాలేదు, సేవక్ సాబ్‌కు చేతకాలేదు, ముసలిది చేసింది. అంటే పెట్టిందీ తనే, తీసిందీ తనే. అంతకుముందు అనుమానం ఉన్నవాళ్లకు కూడా ఇప్పుడు రూఢి అయింది. కొట్టలేదు, తిట్టలేదు. భయపడ్డారు. ఎదురొస్తే పక్కకు జరిగారు. పటేలు కోడలు చాయ తేవడం మానేసింది, అత్త వద్దందట. ఇంకో నెలకు కొట్టం ఊడ్చే పనికి వేరే మనిషి వచ్చింది.

కూతురికి మగపిల్లవాడు పుట్టాడు. పురుటికి పిలవలేదు. తొట్టెల వేడుకకు పిలుస్తారని చూసింది, పిలవలేదు. పాత చీరలు కలిపి చిన్న బొంత కుట్టి చాకలామె చేతికిచ్చి పంపింది. మర్నాడు అదే చాకలామె దాన్ని మడత విప్పకుండా తెచ్చి ఇచ్చింది.

నా ఉద్యోగం ఖాయమైంది. ఆదిలాబాద్ వైపు బదిలీ అయింది. వెళ్లేముందు ఆమెకు చెప్పి పోదామని వెళ్లాను. గోడకు పిడుకలు కొడుతోంది. "మంచిది కొడుకా, పైలంగ పో" అంది, చెయ్యి ఆపకుండా.

నాలుగేళ్ల తర్వాత పనిమీద మెట్‌పల్లి వచ్చాను. నాలుగేళ్లుగా ఆ వాకిలి నన్ను వదల్లేదని చెప్తే గొప్పగా ఉంటుంది, అది నిజం కాదు. మరాఠీ నేర్చుకున్నాను, పెళ్లి చేసుకున్నాను, చాలా రోజులు ఆమె గుర్తు కూడా రాలేదు. అంత దగ్గరికి వచ్చాక మాత్రం చెప్పకుండా తిరిగి వెళ్లలేకపోయాను. నేరుగా ఆమె వియ్యంకుల ఇంటికి వెళ్లాను. పినాయిలు డబ్బా దగ్గరనుంచి పటేలు వాకిట్లో నేనన్న మాట దాకా అంతా చెప్పాను. వియ్యంకుడు శ్రద్ధగా విన్నాడు. చాయ ఇప్పించాడు.

"మీది మంచి మనసు సారూ" అన్నాడు. "ముసల్దానిమీద పావురంతోని తప్పు మీ మీద ఏసుకుంటుండ్రు."

ఎంత చెప్పినా అంతే. వాకిట్లో ఒక పిల్లవాడు గోలీలాడుతున్నాడు. చిటికెన వేళ్లు రెండూ తిన్నగానే ఉన్నాయి.

అక్కణ్నుంచి నడిచి ఊరికి వచ్చాను. ఆ రోజు వారపు అంగడి, దారినిండా మనుషులు. పటేలు ఇంట్లో గ్యాసు డ్రమ్ము తుప్పుపట్టి మూలపడిందని దారిలో ఎవరో చెప్పారు. ఊరి పొలిమేరలో, గొడ్లు పోయే తోవపక్క, నిండు తట్ట ముందు పెట్టుకుని ఆమె కూర్చుని ఉంది. బాగా చిక్కింది. అలసి కూర్చుందనుకుని నేనూ పక్కన కూర్చున్నాను. నన్ను గుర్తుపట్టింది.

"అవ్వా, నీ వియ్యంకులింటికి పోయొచ్చిన. పినాయిలు ముచ్చట చెప్పిన. తప్పు నాదే అన్న."

"నమ్మిండ్రా?"

"నమ్మలే."

"ఎట్ల నమ్ముతరు?" అంది. "ఆనాడు పటేలు వాకిట్ల నిన్నడిగిండ్రు. ఆడ చెప్తె నాకు పనికొస్తుండె. గిప్పుడు చెప్పుడు నీకే పనికొస్తది."

కోపంగా అనలేదు. పెండలో నీళ్లు సరిపోలేదని చెప్పినట్టే చెప్పింది. మనుమణ్ణి చూశానని చెప్పాను. ఎట్లున్నాడని అడిగింది. బాగున్నాడన్నాను. తల్లి పోలికనా తండ్రి పోలికనా అని అడిగింది. నాకు తెలియలేదు. తల్లి పోలికే అన్నాను.

చీకటి పడకముందే బస్సు ఎక్కాలి, లేచాను. "పోయొస్త అవ్వా."

"పో. పోయేముందు గీ తట్ట జర నెత్తికెత్తు."

చుట్టకుదురు తలమీద సర్దుకుని నిలబడింది. నేను వంగి తట్ట అంచులు పట్టుకున్నాను. పైన పెండ ఎండి, బీటలు వారి ఉంది. పొద్దున ఎప్పుడో నిండిన తట్ట అది. అంగడికి పోయే జనం తోవకు అవతలి పక్కనుంచి నడిచిపోతున్నారు. నేను తట్ట ఎత్తి ఆమె నెత్తిన పెట్టాను.